రథం దిగాక తెలిసిన సంగతి



పోయిన వారం వీడియోలో అర్జునుడి రథం కాలిపోయిన ఘట్టం చెప్పుకున్నాం కదా. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. యుద్ధం ముగిసింది. దుర్యోధనుడు తొడలు విరిగి పడిపోయాడు. పాండవులు కౌరవ శిబిరానికి వచ్చారు. అక్కడ కృష్ణుడు అర్జునుడితో, గాండీవం, అమ్ములపొదులు తీసుకుని ముందు నువ్వు దిగు, నేను తర్వాత దిగుతాను అన్నాడు. అర్జునుడు దిగాడు. తర్వాత స్వామి దిగాడు. జెండా మీది హనుమంతుడు మాయమయ్యాడు. రథం భగ్గున అంటుకుని చూస్తుండగానే బూడిదైంది. ద్రోణుడి అస్త్రాలకీ, కర్ణుడి అస్త్రాలకీ ఇది ఎప్పుడో కాలిపోయింది, నేను కూర్చుని ఉన్నాను కాబట్టి ఇన్నాళ్ళు నిలిచింది అని అప్పుడు చెప్పాడు.

కామెంట్లలో చాలామంది "స్వామి ఉంటే చాలు" అని రాశారు. నిజమే, నేనూ అదే అనుకుంటాను. కానీ ఆ స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు నా బుర్రలో ఇంకో ప్రశ్న తిరిగింది. 18 రోజులు నా బాణాలతో నెట్టుకొచ్చాను అనుకున్న మనిషి ఆ బూడిద ముందు నిలబడ్డప్పుడు అతనికి ఎలా అనిపించి ఉంటుంది? సంతోషమా? లేక ఎక్కడో కొంచెం కలుక్కుమందా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. నాకూ ఒక రథం కాలిపోయింది. చాలా చిన్నది, ఆటలో రథం. నవ్వకండి, చెప్తాను.

బెంగళూరులో మేం ఐదుగురం శనివారం రాత్రుళ్ళు డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఆట అది. వీడియో గేమ్ కాదు. ఒక టేబుల్, కాగితాలు, పెన్సిళ్ళు, పాచికలు, ఒక పెద్ద చిప్స్ ప్యాకెట్, అంతే. ఒకడు కథ నడిపిస్తాడు, అతన్ని డన్జియన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళం తలా ఒక వేషం కడతాం, కాకపోతే బట్టలు మార్చం, మాటల్లోనే. "నేను తలుపు తోస్తాను" అంటే కథలో తలుపు తోసినట్టే. తోస్తే తెరుచుకుందా లేదా అన్నది 20 ముఖాల పాచిక చెబుతుంది. ఎదుటివాడు మనల్ని కొట్టినా అంతే, పాచిక పడాలి. 20 పడితే ఇక తిరుగులేదు, దెబ్బ తగిలినట్టే.

మా మాస్టర్ మా కాలేజీ స్నేహితుడే. వాడి ముందు నిలువుగా ఒక అట్ట పెట్టుకునేవాడు. వాడి కాగితాలూ, రాక్షసుల తరఫున వాడు వేసే పాచికలూ దాని వెనక ఉంటాయి. మాకు కనిపించవు.

నా వేషం పేరు వీరబాహు. కోట ద్వారం దగ్గర కాపలావాడు. ఏడాదికి పైగా అతనిలా మాట్లాడి, అతనిలా ఆలోచించాను. ఒక రాత్రి కథలో ఊరు తగలబడుతోంది. వెనక వంతెన మీద పిల్లలు దాటుతున్నారు. ద్వారంలో నేనొక్కణ్ణే. ఎదురుగా కొండంత రాక్షసుడు. నాకు ప్రాణం నాలుగే నాలుగు పాయింట్లు మిగిలింది. ఇంకొక్క దెబ్బ తగిలితే స్పృహ తప్పి పడిపోతాను, పిల్లలు దొరికిపోతారు. పారిపోవచ్చు కూడా. మాస్టర్ అడిగాడు, "వీరబాహు ఏం చేస్తాడు?" అని. "ఉంటాడు" అన్నాను.

అట్ట వెనక పాచిక దొర్లిన చప్పుడు. వాడు దాని వంక చూశాడు. రెండు సెకన్లు. "తప్పింది. గద నీ తల పక్క గోడకి తగిలింది" అన్నాడు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళం ఒకేసారి అరిచిన అరుపుకి కింది ఫ్లోర్ అంకుల్ పైకి వచ్చాడు. పిల్లలు దాటారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. ఇరవై ఏడేళ్ళ మనిషిని, టీమ్ లీడ్‌ని, లేని పిల్లల్ని కాపాడానని దుప్పట్లో నవ్వుకున్నాను.

ఏడాది తర్వాత మా మాస్టర్ ఉద్యోగం మారి పుణె వెళ్ళిపోతున్నాడు. వీడ్కోలు టీ దగ్గర ఏదో మాటల్లో అన్నాడు, "ఆ రోజు ద్వారం దగ్గర పడింది ఇరవై రా."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నన్ను మోసం చేశావన్నమాట" అన్నాను.

"నిన్ను కాదు, పాచికని" అన్నాడు.

బయటికి నవ్వాను. లోపల మాత్రం ఎవరో నా జేబులోంచి ఏదో తీసేసుకున్నట్టు అనిపించింది. ఏడాది పాటు దాచుకున్నది నాది కాదట.

ఆ వారమంతా నేను వీడియో గేములని తలుచుకుని ఓదార్పు పొందాను, నిజంగా. 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు మలేనియా అనే యోధురాలితో నేను పడ్డ పాట్లు ఆడినవాళ్ళకి తెలుస్తాయి. ఆమె మనల్ని కొట్టిన ప్రతిసారీ మన ప్రాణం తగ్గడమే కాదు, ఆమె ప్రాణం పెరుగుతుంది. ఎన్నిసార్లు చచ్చానో లెక్క లేదు. తెల్లవారుజామున మూడింటికి ఎట్టకేలకు పడింది. తెర మూలన చిన్న పెట్టె వచ్చింది: అచీవ్‌మెంట్. ఆడినవాళ్ళలో ఎంత శాతం మందికి ఇది దొరికిందో కూడా అక్కడే చూసుకోవచ్చు. (2005లో ఎక్స్‌బాక్స్ 360తో ఈ పెట్టెల పిచ్చి బాగా పాకింది. ఇప్పుడు ఆఫీసులో టికెట్ క్లోజ్ చేసినా మనసు మూలన అలాంటి పెట్టె కోసమే వెతుకుతుంది.) ఇల్లంతా నిద్రపోతోంది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఐదు నిమిషాలు ఆనందం, తర్వాత ఆకలి.

కానీ ఒకటి ఉంది. మలేనియాకి నేనెవరో తెలీదు. నామీద జాలి లేదు. కాబట్టి ఆ గెలుపు నాదే, ఎవరూ వెనక్కి తీసుకోలేరు. వీడియో గేములు ఆడేవాళ్ళని చూసి పెద్దవాళ్ళు "టైమ్ వేస్ట్" అంటారు గానీ ఈ నిజాయితీ చిన్న విషయం కాదు. బయట ప్రపంచంలో రికమెండేషన్ లేకుండా జరిగే పని ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఇలా నన్ను నేను సముదాయించుకున్నాను. ఆ తర్వాత నా వృత్తే నన్ను పట్టించింది. ప్రోగ్రాములు రాసేవాణ్ణి కదా, ఆటల్ని ఎలా తయారుచేస్తారో చదువుతుంటాను. గెంతులాటల్లో కయోటీ టైమ్ అనే చిన్న కిటుకు ఉంటుంది. కార్టూన్‌లో తోడేలు లాంటి జంతువు కొండ అంచు దాటి గాల్లో కాసేపు పరిగెత్తి, కిందికి చూశాకే పడుతుంది చూడండి, దాని పేరు మీదే. మన బొమ్మ అంచు దాటి పోయినా క్షణంలో చిన్న ముక్కంత సేపు ఆట మనల్ని ఇంకా నేల మీదే ఉన్నట్టు లెక్కేస్తుంది. ఆలస్యంగా బటన్ నొక్కినా గెంతనిస్తుంది. 2018లో వచ్చిన సెలెస్ట్‌లో ఇది ఉంది. చాలా కష్టమైన ఆట అని పేరు. అది పూర్తిచేసి నేను ఎంత గర్వపడ్డానో! అందులో ఎన్ని గెంతులు నిజానికి నేను తప్పినవో నాకెప్పటికీ తెలియదు. అక్కడా ఎవరో అట్ట వెనక పాచిక దాచారు. కాకపోతే అది అందరికీ ఒకేలా దాచిన పాచిక. మా వాడు దాచింది నాకోసం, నా మొహం చూసి.

దాంతో ఏది నా గెలుపో, ఏది కాదో తేల్చుకోలేని పరిస్థితి వచ్చింది. ఆ స్థితిలోనే ఎండాకాలం సెలవు పెట్టి ఊరికి వచ్చాను.

మాది తిరుచానూరు. అమ్మవారి గుడికి వెళ్ళే దారిలో నాయనకి పూజాసామాను అంగడి ఉంది. అవ్వ వాళ్ళది మాత్రం పుత్తూరు దగ్గర పల్లె. మా చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళు ఉంటాయి. అక్కడ ఎండాకాలంలో భారతం జరుగుతుంది. హైదరాబాద్ స్నేహితులకి చెప్తే నమ్మరు గానీ చాలా చోట్ల ఇది 18 రోజుల ఉత్సవం. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. బకాసురుడి రోజు నిజంగానే బండి నిండా అన్నం, కూరలు పెట్టుకుని ఊరంతా తిప్పుతారు. చివరి రోజు మట్టితో నేల మీద చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ మీద వధ, సాయంత్రం అగ్నిగుండం. వీటన్నిటిలో జనం ఎక్కువగా వచ్చేది అర్జునుడి తపస్సుకి. ఎత్తైన మాను పాతుతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, విబూది, పూలు విసురుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు కింద తడి బట్టలతో సాగిలపడి ఉంటారు.

మా మామ చాలా ఏళ్ళు ఆ అర్జునుడి వేషం కట్టాడు. ఇప్పుడు మోకాళ్ళు నొప్పులు, మానేశాడు. ఆ సాయంత్రం ఇద్దరం మాను కనిపించే అరుగు మీద కూర్చున్నాం. నా ఆట సంగతి, ఇరవై సంగతి అంతా చెప్పాను. అర్థమవుతుందనుకోలేదు. టేబుల్ ముందు కూర్చుని వేషం కట్టడమంటే మామకి వివరించాల్సిన పనే రాలేదు. వినేసి తన కథ మొదలుపెట్టాడు.

"ఒక యాడాది మాను నడిమికి పోయేసరికి కాళ్ళు వణికినాయి రా. పద్యం మర్చిపోయినా. కింద అంత జనం. గొంతు ఎండిపోయింది. హార్మోనియం ఆయన నా మొకం చూసే కనిపెట్టేసినాడు. శ్రుతి గట్టిగా పట్టుకోని మొదటి ముక్క ఆయనే ఎత్తుకున్నాడు. జనం నేనే పాడినాననుకున్నారు."

"మరి నీకు ఏమీ అనిపించలేదా మామా? నువ్వు పాడినట్టు కాదు కదా?"

"ఏమనిపించాల? పద్యం ఆయన అందిచ్చినాడు. ఎక్కింది నేనే కదరా. ఆయనొచ్చి నా కాళ్ళతో ఎక్కలా."

కాసేపాగి మళ్ళీ తనే అన్నాడు, "అయినా అర్జునుడు అక్కడ గెలిచిందేముందిరా? కొట్లాటలో ఓడిపోయినాడు కదా."

అవును కదా. కిరాతుడి రూపంలో వచ్చిన శివుడితో అర్జునుడు పోరాడి ఓడిపోతాడు. బాణాలు అయిపోతాయి, గాండీవం చేజారుతుంది, దెబ్బకి స్పృహ తప్పుతుంది. లేచి మట్టి లింగాన్ని చేసుకుని పూలమాల వేస్తే ఆ మాల కిరాతుడి తల మీద కనిపిస్తుంది. పాశుపతం దొరికింది అప్పుడు. ఆటల భాషలో చెప్పాలంటే బాస్ చేతిలో చిత్తుగా ఓడినవాడికి బహుమతి వచ్చింది. అలాగని ఊరికే ఇచ్చింది కాదు. ఓడిపోతున్నా వెనక్కి తగ్గకుండా పోరాడినవాడికి ఇచ్చింది.

మామ మాట పట్టుకుని ఆలోచిస్తే నా ద్వారం సంగతి కొంత తేలిక పడింది. పాచిక దొర్లక ముందే "ఉంటాడు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఇరవై తెలీదు, మా వాడి జాలీ తెలీదు. ఆ ఒక్క మాట మా మాస్టర్ అందించింది కాదు. మిగతాదంతా, గద గోడకి తగలడం, పిల్లలు దాటడం, నాది కాదు. నేను ఏడాది పాటు దాచుకున్నది ఫలితాన్ని. పనిని కాదు. పని మీదే అధికారమని గీతలో స్వామి అర్జునుడికి చెప్పింది కూడా ఆ రథం మీదే. రథం బూడిదయ్యాక అతను కలుక్కుమన్నాడో లేదో గానీ, వినాల్సిన మాట మాత్రం ముందే విని ఉన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే పోస్టు బాగుంటుంది. కానీ ఇంకొకటి ఉంది, అది దాచి రాస్తే నేనూ అట్ట వెనక పాచిక దాచినట్టే.

మా ఐదుగురిలో ఒక అమ్మాయి ఉంది. ఆమె వేషం చిన్నక్క, వైద్యురాలు. నా ద్వారం రాత్రికి రెండు నెలల ముందు చిన్నక్క చనిపోయింది. అందరి ఎదుటే వేసిన పాచికల్లో మూడుసార్లు ఎదురు తిరిగింది. ఆ అమ్మాయి నవ్వుతూనే కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. కొత్త వేషంతో మళ్ళీ వచ్చింది గానీ ముందున్నంత హుషారుగా ఎప్పుడూ ఆడలేదు. ఇరవై సంగతి తెలిశాక ఆమె మా మాస్టర్‌ని ఒక్క మాటే అడిగింది: "నా చిన్నక్కని ఎందుకు కాపాడలేదు?" వాడి దగ్గర జవాబు లేదు. "ఆ రోజు పాచికలు నీ చేతిలో ఉన్నాయి, అందరూ చూశారు" అన్నాడు. అది కారణం కావచ్చు, సమాధానం కాదు.

మామ మాట నన్ను ఓదార్చింది గానీ ఆ అమ్మాయికి పనికిరాదు. తనూ ఎక్కింది, కాళ్ళు వణుకుతున్నా ఎక్కింది. తనకి ఎవరూ పద్యం అందించలేదు. మలేనియా దగ్గర ఇలాంటి బాధ లేదు. అందరికీ ఒకే కత్తి.

భారతంలోనూ ఈ ప్రశ్నకి సులువైన జవాబు నాకు దొరకలేదు. అర్జునుడి రథం నిలిచింది. పద్మవ్యూహంలో అభిమన్యుడి రథం నిలవలేదు. కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్తి ఘటోత్కచుడి మీద పడ్డప్పుడు పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడని చదివి, చిన్నప్పుడు నేను పుస్తకం మూసేశాను. స్వామి లీల మన బుద్ధికి అందదు అంటారు. అది నేను నమ్ముతాను. కానీ మా మాస్టర్ స్వామి కాదు, నేనూ కాదు. మన చేతిలో పాచికలు ఉన్నప్పుడు ఒకళ్ళని కాపాడి ఒకళ్ళని వదిలేసి దానికి లీల అని పేరు పెట్టుకోలేం. శకుని ఓడించడానికి పాచికలతో మోసం చేశాడు, మా వాడు గెలిపించడానికి చేశాడు, తేడా ఉంది. అయినా రెండు చోట్లా ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఆట ఏమిటో తెలీదు.

ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. నేను కథ నడిపితే అట్ట పెట్టుకోను.

మొన్న సంక్రాంతికి తిరుచానూరులో మా మిద్దె మీద అక్క పిల్లలిద్దరికీ, పక్కింటి పిల్లలకీ ఆట నేర్పించాను. పాచిక ఒకటే, బెంగళూరు నుంచి తెచ్చింది. చాప మీద నట్టనడుమ అందరికీ కనిపించేలా వేస్తున్నాను. అక్క చిన్న కూతురికి తొమ్మిదేళ్ళు. దాని వేషం ఉడుత. మాట్లాడే ఉడుత, పేరు బుజ్జి. రెండు గంటలు దాన్నే పలికించి అందరినీ నవ్వించింది. గుహలో పాము బుజ్జి మీదికి వచ్చింది. పాచిక వేశాను. దొర్లి, దొర్లి, ఆగింది. ఇరవై.

ఎవరూ మాట్లాడలేదు. దానికి ఆ అంకె అంటే ఏమిటో అప్పటికి బాగా తెలుసు. నా మొహంలోకి చూసింది. "బుజ్జి చచ్చిపోయిందా మామా?" అంది. కళ్ళలో నీళ్ళు. ఆ క్షణంలో పుణె వెళ్ళిపోయిన నా స్నేహితుడి మీద నాకున్న కోపమంతా పోయింది. అట్ట ఉంటే నేనూ దాచేవాణ్ణి. నిస్సందేహంగా దాచేవాణ్ణి.

అట్ట లేదు కాబట్టి గొంతు సవరించుకుని "పాము..." అని మొదలుపెట్టాను.

"ఆగు మామా" అన్నాడు దాని అన్న. వాడికి పన్నెండేళ్ళు, రోజంతా చెల్లెలితో కొట్లాడతాడు. "నేను బుజ్జి పక్కనే ఉన్నా కదా. దాన్ని వెనక్కి నెట్టేసి నేను ముందుకొస్తా. ఆ కాటు నాకే."

"నీకు ప్రాణం మూడే ఉంది రా" అన్నాను.

"తెలుసు."

అలా చేయొచ్చో లేదో రూల్ పుస్తకంలో చూడలేదు. సరే అన్నాను. వాడి వేషం పడిపోయింది. చిన్నది చాప మీద పాకి వచ్చి పాచిక తన చేతిలోకి తీసుకుంది, అన్నని లేపడానికి తనే వేస్తానంది. అప్పటికి చీకటి పడుతోంది. కింద నుంచి అవ్వ, దీపం పెట్టే వేళయింది, దిగండి అని పిలిచింది. "ఒక్క నిమిషం అవ్వా" అని అందరూ ఒకేసారి అరిచారు.